అరిగినది

రిజిస్టర్ల నూట పద్నాలుగో నంబరు.
వస్తువు: వీరగల్లు.
దొరికిన తావు: నక్కలవాగు రేవు.
కాలం: పన్నెండో శతాబ్దం, పక్కన ప్రశ్నార్థకం.
స్థితి: అరిగినది.

ఇరవై రెండేండ్ల సంది
పొద్దుగాల తాళం తీసి
మొదట తుడిచేది ఈ రాయినే.
నల్లగొండ బస్సులు పానగల్లు మలుపు తిరుగుతుంటే
కిటికీల అద్దాలు వణుకుతయి.
ఉదయసముద్రం మీది గాలి
చేపల వాసన మోసుకొచ్చి
నందుల ముట్టెలకు రాస్తది.
లోపల అందరం నిమ్మలంగుంటం:
తలలేని జైన మునులు, ముక్కులేని అమ్మవార్లు,
ఒక కాలు విరిగిన కుర్చీల నేను.

వచ్చేటోళ్లు తక్కువ.
ఎండకాలం నీడకొస్తరు, వానకాలం వానకొస్తరు.
బత్తాయిల బండి గోవర్ధన్
పగటీలి శాసనం పక్కన ఒక కునుకు తీస్తడు.
టిక్కెట్టు ఐదు రూపాయలంటే
చూసినంక ఇస్తమనేటోళ్లే ఎక్కువ.

ఈ రాళ్లన్ని యాడికెల్లి వచ్చినయంటే చెప్త.
కొన్ని కాలువ తవ్వంగ గడ్డపారకు తగిలి,
కొన్ని ముంపు ఊర్ల నుంచి లారీలెక్కి
ఆ ఊరోళ్లకంటె ముందు జాగ దొరికించుకొని,
కొన్ని దొంగలు దాచిన చొప్పవాముల దొరికి
ఠాణాల మూడేండ్లు కూసోని.
ఒక నంది అయితే
మెడల కోర్టు ముద్రతోనే వచ్చింది,
లక్క ఇంక ఊడలే.

వీరగల్లు మీద కత్తి ఎత్తిన చెయ్యి ఉన్నది.
మలిగిపోతున్న ఆవు తోక ఒకటి ఉన్నది.
పైన చంద్రుడు సగం ఉన్నడు.
మొఖం లేదు.
మొఖం ఉండాల్సిన కాడ నున్నగ,
వెన్నముద్ద మీద వేలు తిప్పినట్టు.
పెద్ద సార్లు వచ్చి, కండ్లద్దాలు పైకెత్తి
"కాలం చేతిలో అరిగిపోయింది" అన్నరు.
నేనూ అందరికి అదే అప్పజెప్పిన
ఇన్నేండ్లు.

మొన్న కార్తీకంల
గురుకులం పిల్లలు రెండు ఆటోల నిండ వచ్చిన్రు.
అందరు ఉరుకుతున్నరు. ఒక పిల్ల ఆగింది.
ముట్టొద్దని బోర్డున్నది, నేనే రాసింది.
ఆ పిల్ల ముట్టింది.
అరచెయ్యి మొత్తం ఆనిచ్చి జరసేపు అట్లనే నిలబడి
"ఇది మా ముత్తాత బండ" అన్నది.

నవ్వొచ్చింది. "మీ ముత్తాత రాజా?" అన్న.
"చాకలి ఎల్లమంద" అన్నది.

రేవుల ఎల్లకిల పడుండేదట.
దొర ఇంటి దుప్పట్లు, బాలింత బట్టలు,
పీనుగ మీంచి తీసిన పంచె,
క్యాంపు పడ్డ నాడు పోలీసోళ్ల ఖాకీలు,
అన్ని ఈ మొఖం మీదనే.
ఎల్లమంద కంటె ముందు ఆయన నాయిన,
ఆయన కంటె ముందు ఇంకెవరో.
ట్రాక్టర్ వచ్చిన నాడు
కాయితం మీద వేలిముద్ర ఏయించుకొని
ఇంకో బండ చూసుకొమ్మన్నరట.
అప్పటికే బోరునీళ్లకు మోకాళ్లు వంగినయి,
మా దిక్కు అందరికి వంగినట్టే.
కొత్త బండ గరుకు పోలేదు,
ఆయనే పోయిండు.

"ఇట్ల ఉతికేటోడట సార్" అని
చెయ్యి మీదికెత్తి "ఇస్సో" అన్నది పిల్ల.
తోటి పిల్లలు కిసకిస నవ్విన్రు.
నేను నవ్వలే.
రాయి మీద ఎత్తిన చెయ్యి, పిల్ల ఎత్తిన చెయ్యి
ఒక్క తీరుగ ఉన్నయి.

ఆటోలు పోయినంక రిజిస్టర్ తెరిచిన.
పెన్నుతోని రాసే అధికారం నాకు లేదు.
పెన్సిల్ ఉన్నది.
'అరిగినది' కింద రాసిన:
ఎల్లమంద. ఆయన నాయిన.
ఆ ముందటోళ్ల పేర్లు తెల్వదు.

మార్చిల తనిఖీకొస్తరు సార్లు.
జేబుల రబ్బరు తెచ్చుకుంటరు.
తుడవనీ.
తుడిచి తుడిచి
ఆ కాడ కాయితం గూడ
నున్నగైతది.